సెమిస్టర్ అయ్యేదాకా మూత వద్దు

శోభకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. రెండేళ్ల కూతురు మనీషా ఇంటి ముందున్న మ్యాన్‌హోల్‌లో పడిపోతుందని. దానికి మూత లేదు. పిల్లకేమో నెత్తిమీద విమానం మోత వినిపిస్తే చాలు, మెడ వెనక్కి వాల్చి, రెండు చేతులూ ఊపుతూ గల్లీలోకి ఉరుకుతుంది. శంషాబాద్ పక్కన విమానాలకు కరువా?

అలాంటి వేళ దేవుడిలా దిగారు రాఘవేందర్ గారు. పార్టీలో పెద్ద నాయకులు, పైగా డిగ్రీ కాలేజీ చైర్మన్. కొత్వాల్‌గూడలో శోభ వాళ్ల గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కట్టించి, మైకు పట్టుకుని ప్రకటించారు:

"నేటి నుండి మా విద్యార్థులు వ్యాసాలు క్లాసులో కూర్చొని రాయరు! ప్రజల మధ్య కూర్చొని రాస్తారు! దీన్నే కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ అంటారు! సమస్య మీది, కలం మాది!"

అంతలో ఒక విమానం పోయింది. అది పోయేదాకా ఆయన నోరు తెరిచే ఉంచి, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకున్నారు. అంతటి ఓపిక ఎందరు నాయకులకు ఉంటుంది?

మర్నాడు రైటింగ్ లెక్చరర్ పూర్ణిమ మేడం బస్సెడు పిల్లలతో వచ్చి, వాళ్లను గుంత చుట్టూ కూర్చోబెట్టారు. "చూసింది చూసినట్టు, పీల్చింది పీల్చినట్టు రాయండి," అన్నారు. ఒకమ్మాయి ముక్కుకు చున్నీ కట్టుకుని రాస్తే, అనుభవం లోపించిందని మార్కులు కోసేశారు. విద్యాప్రమాణాలంటే అవీ!

శోభ పిల్లను చంకనేసుకుని వచ్చి అడిగింది. "మేడం, మూత ఎప్పుడేస్తరు?"

"ముందు మీ గొంతు వినాలండీ. దీన్ని చూస్తే మీకేమనిపిస్తుంది?"

"బుగులైతది."

"అద్భుతం! రాసుకోండమ్మా."

బస్సెడు పిల్లలూ 'బుగులు అంటే భయం' అని రాసుకున్నారు. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన తన మాటను అంతమంది రాసుకుంటుంటే శోభ ఒళ్లు పులకరించింది. ఆ ఊపులో మొగుడు జగదీశ్‌ను తరిమి, ఒక షాబాద్ బండ తెప్పించి గుంత మీద వేయించింది. ఆ సాయంత్రం మనీషా ఆ బండ మీదే నిలబడి విమానాలన్నిటికీ టాటా చెప్పింది.

తెల్లారేసరికి రాఘవేందర్ గారి కారు వచ్చి ఆగింది.

"ఎవరేసిన్రు ఈ బండ?"

"నేనే ఏపిచ్చిన అన్నా. పిల్ల పడ్తదని..."

"ఏంది చెల్లె, గిట్ల చేసినవ్! సమస్య తీరిపోతే ఇగ పిల్లలు దేని మీద రాయాలె? సెమిస్టర్ ఆఖర్ల మా కాలేజీకి గ్రేడు ఇచ్చెటోళ్లు ఢిల్లీ నుంచి వస్తరు. వాళ్లకేం జూపియ్యాలె, బండనా?"

"మరి పిల్ల పడితే ఎట్లన్నా?"

"పడనిస్తమా? గుంతకు ఏమన్నయితే మా కాలేజీ పరువు పోదా?"

ఆయన మాట తప్పే మనిషి కాదు. బండ తీయించారు. గుంత చుట్టూ ముగ్గు వేయించి, రంగురంగుల తోరణాలు కట్టించి, 'ఈ సమస్యను మా కళాశాల దత్తత తీసుకున్నది' అని బోర్డు పాతించారు. మళ్లీ ఎవరూ మూయకుండా చెన్నయ్య అనే ముసలాయనను కాపలా పెట్టారు. కుర్చీ, గొడుగు, విజిల్ ఇచ్చారు.

చెన్నయ్య డ్యూటీ గుంతను మనుషుల నుంచి కాపాడటం. కానీ మనీషా మెడ వాల్చుకుని ఉరికొచ్చినప్పుడల్లా ఆ ముసలాయన విజిల్ ఊది, పిల్లను గాల్లోకి ఎత్తి, "టాటా చెప్పు బిడ్డా," అని మళ్లీ గడప లోపల దింపేవాడు. శోభ బండ సంగతే మరిచిపోయింది. బండ విజిల్ ఊదుతుందా? పిల్ల పుట్టాక మొదటిసారి ఆమె పగటిపూట కళ్లు మూసుకుంది.

పక్కింటి రేణుకమ్మకు కడుపు మండింది. చైర్మన్ గారినే పట్టుకుంది. "మా పైపు పగిలి ఏడాదాయె. జర దాన్ని గూడ దత్తత తీస్కోరాదే అన్నా!"

"వచ్చే సెమిస్టర్ చూద్దాం అక్కా. అప్పటిదాంక గట్లనే ఉంచు, బాగు చేపియ్యకు."

ఢిల్లీ వాళ్లు వచ్చారు. గుంతలోకి తొంగిచూసి, ఏ కల్తీ లేని సమస్య అని మెచ్చుకున్నారు. కాలేజీకి పెద్ద గ్రేడు వచ్చింది. ఇక మిగిలింది కాలేజీ హాల్లో సన్మాన సభ.

'ప్రజా రచయిత్రి'గా శోభకు పిలుపొచ్చింది. పిల్లలను తేవద్దన్నారు, సభ పాడవుతుందట. జగదీశ్ డ్యూటీలో ఉన్నాడు. మనీషాను అత్త కొండమ్మ పక్కన పడుకోబెట్టింది. కొండమ్మ అన్నం తింటే కునుకు తీస్తుంది, ఫోను మోగినా వినపడదు. అయితేనేం, బయట చెన్నయ్య ఉన్నాడు కదా.

వేదిక మీద శోభకు శాలువా కప్పారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. రాఘవేందర్ గారు గొంతు పెంచారు. "ఎండనక వాననక ఈ సమస్యను కంటికి రెప్పలా కాపాడిన త్యాగమూర్తి! మన కారు పంపి మరీ రప్పించాం! శ్రీ చెన్నయ్య!"

మెడలో విజిల్‌తో, సిగ్గుపడుతూ వచ్చి కూర్చున్నాడు చెన్నయ్య.

"బాపూ, ఆడ ఎవరున్నరే?" అంది శోభ.

"ఎవలు లేరు బిడ్డా. ప్రాజెక్టు అయిపోయిందన్నరు. కుర్చీ గూడ ఎత్తుకొచ్చిన్రు."

"రెండు ముక్కలు మాట్లాడు చెల్లె!" రాఘవేందర్ గారు ఆమె చేతిలో మైకు పెట్టారు. అప్పుడే పైన విమానం మోత మొదలైంది. అందరూ అలవాటుగా ఆగారు. మోత హాలు దాటి, కొత్వాల్‌గూడ వైపు మళ్లింది.

"మీ కాళ్లు మొక్కుత," అంది శోభ మైకులో. "ఎవలన్న జర ఉరికి, మా మనీషా గడప లోపల ఉన్నదా సూడున్రి!"

పూర్ణిమ మేడం కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. "చూశారా పిల్లలూ, ఒక్క అనవసరమైన మాట లేదు!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. దారి మూసుకుపోయింది. శోభ చేయి ఒకటి చైర్మన్ గారి చేతిలో ఉంది, రెండో చేతిలో మెమెంటో ఉంది. గ్రూపు ఫోటో అవుతోంది.

ఇది చదువుతున్న మీరు ఎయిర్‌పోర్టు దారిలోనే ఉంటే, కొత్వాల్‌గూడలో తోరణాలు కట్టిన గుంత ఎక్కడని అడగండి, చిన్నపిల్లలైనా చెబుతారు. దానికి ఎదురిల్లే. తలుపు నెట్టి, పిల్ల లోపల ఉందో లేదో ఒక్కసారి చూడండి.