వాడితే అరిగిపోయే చల్లదనం

సీతమ్మధారలోకెల్లా చల్లని ఇల్లు శ్రీరామ్మూర్తి గారిది. ఆ చల్లదనం పాడవకూడదని ఆయన భార్యాసమేతంగా కారు షెడ్డులో పడుకునేవారు. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. బాధ్యత తెలిసిన గృహస్థు ఎవరైనా చేసే పనే అది.

శ్రీరామ్మూర్తి గారు స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యారు. కరిగిన ఇనుముకి ఎదురుగా నిలబడి వయసంతా చెమట కార్చిన మనిషికి చల్లటి ఇల్లు కావాలనిపించడం న్యాయమే. ఆ ఇంటికి కావలసిన సామానంతా నా షాపు నుంచే వెళ్లింది గనుక, ఆ కోరిక మరింత న్యాయమైనదని నా అభిప్రాయం.

ఇల్లు కూడా దివ్యంగా కుదిరింది. లోపల బోలుగా ఉండే ఇటుకలతో గోడలు. సముద్రపు గాలి వచ్చే వైపు పెద్ద కిటికీలు, ఎదురు గోడకి ఆ గాలి బయటికి పోయే దారి. గోడల మీద ఎండ పడకుండా వెడల్పాటి సన్‌షేడ్లు. డాబా మీద ఎండని వెనక్కి కొట్టే తెల్ల పెయింటు, దాని పైన సోలార్ పలకలు. గదుల్లో తక్కువ కరెంటుతో తిరిగే ఫ్యాన్లు. ఈ ఇంటికి ఏసీ అక్కర్లేదని ఇంజనీరు చెప్పాడు. ఇంజనీర్లు చెప్పినది నిజం కావడం అరుదు గనుక దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను. గృహప్రవేశం నాడు మండే ఎండలో చోడవరం నుంచి వచ్చిన బంధువులు భోంచేసి ఎక్కడివాళ్లక్కడ నడుం వాల్చారు. సాయంత్రం బస్సుకి వెళ్లాల్సినవాళ్లు మర్నాడు టిఫిను తిని కదిలారు.

అక్కడే శ్రీరామ్మూర్తి గారికి దిగులు పట్టుకుంది. ఇంత మంచి వస్తువుని ఇలా వాడేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

ముందుగా ఆయన దృష్టి కిటికీల మీద పడింది. మన ఊరి గాలిలో ఉప్పుంటుంది. ఉప్పుగాలి తగిలితే మడతబందులు తుప్పు పడతాయి. అందుచేత గాలి కోసం పెట్టించిన కిటికీలను గాలి తగలకుండా మూసి, సందుల్లో టేపు అంటించారు. తర్వాత డాబా. తెల్ల పెయింటు మాసిపోతుందని దాని మీద నల్లటి పాత గోనెపట్టాలు పరిచారు. ఫ్యాన్లు తిరిగితే రెక్కలకి దుమ్ము పడుతుంది. అందుకని రెక్కలకి పాలిథిన్ సంచులు తొడిగి, స్విచ్చుల మీద తాకరాదని చీటీ పెట్టారు. తాకితే ఏమవుతుందో చీటీలో లేదు. అందుకే అందరూ భయపడ్డారు.

ఒక ఉదయం ఆయన నా షాపుకి వచ్చారు.

"బావా, గట్టి టార్పాలిన్ ఉంటే ఇయ్యి. సోలార్ పలకల మీద కప్పాల."

"దేనికి బావా?"

"ఏటి బావా అలాగంతావు? పొద్దస్తమానం ఎండలో అలా వదిలేత్తే పాడైపోవా? అంత మంచి సరుకు!"

నేను వ్యాపారిని. కొనేవాడి బుద్ధి సరిచేయడం మొదలుపెడితే షాపులో సరుకు షాపులోనే ఉంటుంది. నీలం రంగు కావాలా, నలుపు కావాలా అని మాత్రం అడిగాను. నలుపు తీసుకున్నారు. మాయదట.

ఈ సంరక్షణ చర్యలన్నీ పూర్తయ్యేసరికి ఇల్లు ఇడ్లీపాత్రలా తయారైంది. శ్రీరామ్మూర్తి గారు మాత్రం లోపల చల్లదనం నిలవ ఉందనీ, మనుషులు వెళ్లి వస్తూంటే అది బయటికి పోతోందనీ కనిపెట్టారు. అలా ఆ దంపతులు రేకుల కప్పు ఉన్న కారు షెడ్డులోకి మారారు. కారు మాత్రం చెట్టు కింద ఉంది.

ఆయన భార్య సన్యాసమ్మకి ఇంతటి దూరదృష్టి లేదు. షెడ్డు వేడికి ఆవిడ వీపంతా చెమటపొక్కులు లేచాయి. కంటి మీద కునుకు లేదు. డాక్టరు పౌడరు రాసిచ్చి, గాలి బాగా ఆడే ఇంట్లో పడుకోమన్నాడు.

"ఉందండి అలాటి ఇల్లు. మా ఆయన సూపిత్తాడు గానీ తొంగోనివ్వడు," అన్నదట ఆవిడ.

ఇంటికొచ్చి భర్తని నిలదీసింది.

"ఏటయ్యా, ఈ ఇల్లు మనకోసం కట్టావా, మనల్ని ఇంటికోసం కట్టావా?"

"ఈ ఒక్క ఏసంగి ఓపిక పట్టవే. ప్రైజొచ్చినాక నీ ఇట్టం."

ప్రైజు మాట నిజమే. నగర శీతల గృహ ప్రోత్సాహక సమితి అనే సంస్థ ఒకటి వెలిసి, వేసవిలో అతి తక్కువ కరెంటు వాడిన ఇంటికి ఇత్తడి ఫలకం ఇస్తామని ప్రకటించింది. ఫలకం గేటుకి బిగిస్తారు. దారిన పోయేవాళ్లంతా చదువుకోవచ్చు. ప్లాంటులో తనతో పనిచేసిన వాళ్లందరికీ శ్రీరామ్మూర్తి గారు ఫలకం వస్తోందని ముందే చెప్పేశారు. చోడవరం బంధువులకైతే వచ్చేసిందనే చెప్పారు. ఇక వెనక్కి తగ్గడానికి లేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫ్రిజ్జు కూడా ఆగింది. సన్యాసమ్మ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చిన రోజున, అవి చెడిపోకముందే తినడం ఇంటిల్లిపాదికీ విధి అయింది. ఇంటిల్లిపాది అంటే ఇద్దరే. కనుక విధి కాస్త బరువైనదే.

ఫలకమా, నిద్రా అన్నదే ఇప్పుడు ఆ ఇంటి సమస్య. ఒకటి వస్తే రెండోది రాదు.

సమితి వారు తనిఖీకి రావలసిన ఆదివారం శ్రీరామ్మూర్తి గారు వారికి ఎదురువెళ్లడానికి, నన్ను వెంటబెట్టుకుని, పూలదండలతో వీధి చివరికి నడిచారు. సమితి వారు రావడం ఆలస్యమైంది. ఆలోగా ఇంట్లో సన్యాసమ్మ చేపలు కోసే కత్తి తీసింది. దాంతో కిటికీల టేపులు కోసేసింది. ఫ్యాన్ల సంచులు ఊడపీకింది. డాబా ఎక్కి గోనెపట్టాలు చుట్టేసి, టార్పాలిన్ తాళ్లు తెంపింది. కిందికి వచ్చి అన్ని కిటికీలూ బార్లా తీసి, హాలు మధ్యలో చాప వేసుకుని పడుకుంది.

సమితి వారు ఏసీ కారులో వచ్చారు. కారు చల్లగా ఉండాలి గనుక ఇంజను ఆపకుండా గేటు దగ్గర ఉంచి, ఇంధన పొదుపు పరిశీలించడానికి లోపలికి నడిచారు. శ్రీరామ్మూర్తి గారు గుమ్మంలో శిలైపోయారు. సముద్రపు గాలి కర్టెన్లు ఎగరేస్తూ ఇటు నుంచి అటు పోతోంది. ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. మధ్యలో సన్యాసమ్మ గురక.

"ఒలే, లెగు! కమిటీ వోళ్లొచ్చారు!"

ఆవిడ కళ్లు తెరవలేదు. "వత్తే రానీ. కూకోమను. కూకుంటే ఆళ్లకే తెలుత్తాది."

కూర్చున్నారు. తెలిసింది. అధ్యక్షులు దుర్గారావు గారు పై బొత్తాం విప్పుకున్నారు. సభ్యురాలు గౌరీశ్వరి గారు చెప్పులు విడిచి నేల మీద పాదాలు ఆనించి, చాలాసేపు తీయలేదు. ఇంకో సభ్యుడు గోడకి ఆనుకుని నిద్రలోకి జారాడు. ఆయన్ని లేపాక, సోలార్ పలకలు ఇంటి అవసరానికి మించి కరెంటు పుట్టిస్తున్నాయని మీటరు చూసి ఆయనే చెప్పాడు. నేను ఫలకానికి మేకులు నా షాపువే వాడించాలని మనసులో అనుకుంటున్నాను.

అప్పుడు దుర్గారావు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ గృహం నిస్సందేహంగా హాయిగా ఉన్నది. అయితే హాయి అనేది మా పరిశీలనాంశాలలో లేదు. కరెంటు పుట్టించడం వేరు, వాడడం వేరు. ఇక్కడ ఫ్యాన్లు తిరుగుచున్నవి. ఒక మహిళ నిద్రించుచున్నది. ఈ గృహంలో మనుషులు నివసిస్తున్నట్లు స్పష్టమైన ఆనవాళ్లు కనబడుచున్నందుకు చింతిస్తున్నాము."

ఆ సాయంత్రమే విజేతను ప్రకటించారు. అదే వీధిలో కోటి గారి ఇల్లు. ధర పెరిగాక అమ్ముదామని కట్టి, గృహప్రవేశం రోజున పాలు పొంగించి, తాళం వేసి, కోటి గారు ఏసీ ఉన్న అద్దె ఫ్లాటులో కాపురం ఉంటున్నారు. ఆ ఇంట్లో కరెంటు వాడకం శూన్యం. నీటి వాడకం శూన్యం. నేల మీద అడుగుజాడ లేదు. ఇంతటి నిగ్రహం దేశంలో మరెక్కడా చూడలేదని సమితి కొనియాడింది. సమితి లోపలికి వెళ్లలేదు. తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదు. ఫలకం అందుకుంటూ కోటి గారు, ఈ విజయం వెనక తమ కుటుంబం చేసిన త్యాగం ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నారు.

శ్రీరామ్మూర్తి గారు ఇంటికి వచ్చి హాల్లో కూలబడ్డారు.

"పోయింది సన్యాసమ్మా. పరువంతా పోయింది. సోడవరంలో ఏటని సెప్పాల?"

"నిద్దరొచ్చిందని సెప్పు," అని ఆవిడ చాప మీద కాస్త పక్కకి జరిగింది.

ఆయన అలిగి కాసేపు కూర్చున్నారు. గాలి ఆయన అలకని లెక్కచేయకుండా తగులుతూనే ఉంది. ఆయన పడుకున్నారు. ఆ వేసవిలో ఆయన అలా పడుకోవడం అదే మొదటిసారి. సమితి లెక్కలో ఆ నిద్ర అంతా వృథాయే. నా లెక్కలో కూడా లాభమేమీ లేదు. ఆయన మళ్లీ టార్పాలిన్ కొనలేదు.

వీధిలో మిగతావారు మాత్రం కోటి గారి మార్గంలో నడుస్తున్నారు. ఇప్పటికే రెండు కుటుంబాలు సొంతిళ్లకు తాళం వేసి అద్దె ఫ్లాట్లలో ఏసీలు బిగించుకుని, పొదుపు మొదలుపెట్టాయి.

వచ్చే వేసవిలో సమితి మీ వీధికీ రావచ్చు. కంగారు పడకండి. ఎప్పుడో వచ్చే గొప్పవాళ్ల కోసం అలంకరించి, మీ పిల్లల్ని కూడా కూర్చోనివ్వని ముందుగది మీ ఇంట్లో ఉంది కదా? తిన్నగా అందులోకి తీసుకెళ్లండి. ఫలకం మీదే.