వెన్నుదన్ను పథకం

"ఇకపై ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చే ఏ బిడ్డా చదువు మధ్యలో ఆపదు. ఆపుదామనుకున్నా మేం ఆపనివ్వం!" అని మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. అలాంటి ప్రతి బిడ్డకీ ఒక పెద్ద ఆఫీసరు మెంటర్‌గా వెన్నుదన్నుగా ఉంటాడట. ముందు వరసలో కూర్చున్న టైలరుగారి పెద్దమ్మాయి చేతులు కందేలా చప్పట్లు కొట్టింది. ఆ ఇంట్లో ఆమెకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ఇంకొక్క పరీక్ష గట్టెక్కితే డిగ్రీ చేతికొస్తుంది.

ఆమె అదృష్టం కొద్దీ మెంటర్‌గా డిప్యూటీ డైరెక్టరుగారు దొరికారు.

"సార్ అనకమ్మా, బాబాయ్ అను."

"సరే బాబాయ్. స్టాటిస్టిక్స్‌లో ఒక చాప్టరు..."

"అదంతా తర్వాత. రేపు సదస్సులో నువ్వు మాట్లాడాలి, మెంటర్ వల్ల నీ జీవితం ఎలా మారిందో."

"మనం కలిసింది ఇవాళే కదండీ!"

"అదే చెప్పు. ఎంత స్పీడుగా మారిందో జనానికి తెలియాలి."

సదస్సు అయ్యాక వర్క్‌షాపు, దాని తర్వాత సమీక్ష. క్లాసుందని ఆమె నసిగితే, "క్లాసులు రోజూ ఉంటాయమ్మా, మంత్రిగారు రోజూ వస్తారా?" అనేవారు. ఆమె ఫొటో సిటీ బస్సుల మీదికెక్కింది. టైలరు కత్తెర పక్కన పెట్టి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి మురిసిపోయేవాడు.

పరీక్షకు వారం ముందు ఆమెకు హాల్‌టికెట్టు రాలేదు.

"హాజరు నలభై ఒక్క శాతం. డెబ్బై అయిదుండాలి" అన్నాడు కాలేజీ గుమస్తా. "సదస్సులకి నేనే తీసుకెళ్లానని మీ మెంటర్ ఒక్క ముక్క రాసిస్తే చాలు."

ఆమె పరుగున వెళ్లింది. డిప్యూటీ డైరెక్టరుగారు నిజాయితీకి నిలువుటద్దం.

"క్లాసులు ఎగ్గొట్టించానని నా చేత్తో నేనే రాసుకోవాలా? రేప్పొద్దున ఎంక్వయిరీ వస్తే?"

"మీరే కదా బాబాయ్ రమ్మన్నారు!"

"మెంటరన్నవాడు దారి చూపిస్తాడమ్మా. నడవాల్సింది నువ్వే."

మెట్లు దిగుతూ ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. పరీక్ష ఆమె లేకుండానే జరిగిపోయింది.

మర్నాడే టైలరు కొట్టు ముందు కారు ఆగింది. డిప్యూటీ డైరెక్టరుగారు ఫొటోగ్రాఫరుతో సహా దిగారు. తండ్రికి ధైర్యం చెప్పి, కుట్టుమిషన్ దగ్గరున్న చిన్నమ్మాయి వైపు తిరిగారు.

"ఇంటర్ అయిందా అమ్మా?"

"అయిందండీ."

"మరింకేం! అక్క పాసైపోయి ఉంటే ఈ ఇంటికి పథకమే వర్తించేది కాదు. ఇప్పుడు మొదటి డిగ్రీ నీదే. ఇంద, ఫారం."

ఫొటోగ్రాఫరు తండ్రినీ, చిన్నమ్మాయినీ, డిప్యూటీ డైరెక్టరుగారినీ దగ్గరగా నిలబెట్టాడు. పెద్దమ్మాయిని మాత్రం కాస్త పక్కకి జరగమన్నాడు.