ఆరో నంబరు గదిలో శత్రుత్వం

దేశాల మధ్య సామరస్యం దానంతటదే వచ్చి ఒళ్లో వాలేది కాదు. ముందు పిల్లల్ని పోగు చేయాలి, తర్వాత వరుసలో నిలబెట్టాలి, ఆపైన రిజిస్టరు తెరవాలి. ఇందుకోసమే ఏటా వేసవిలో సముద్రం ఒడ్డున పద్నాలుగు రోజుల అంతర్జాతీయ బాలల శిబిరం జరుగుతుంది. తొమ్మిది దేశాల నుంచి నూట ఎనిమిది మంది పిల్లలు వస్తారు. (సముద్రం ముందు నుంచీ అక్కడే ఉంది కాబట్టి దానికి ఆహ్వానం పంపనక్కర్లేదని కమిటీ తీర్మానించింది.)

నిబంధన ప్రకారం ప్రతి పిల్లా మూడు వేర్వేరు దేశాల పిల్లలతో మూడు స్నేహాలు చేసుకోవాలి. స్నేహానికొక పత్రం, పత్రానికి రెండు సంతకాలు. ఒక్కో స్నేహానికి రోజుకు నలభై నిమిషాలు. అంతకు మించితే అది అతిస్నేహం. అంటే మిగతా దేశాల వాటా కాజేయడం.

ఆరో నంబరు గది అక్క ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. పన్నెండు మంది ఆడపిల్లలకు తలలు దువ్వడం, తడి బట్టలు ఆరేయడం, జేబుల్లో ఇసుక దులపడం, సాయంత్రం రిజిస్టరు రాయడం ఆమె పని. మొదటి రోజే నూట ముప్పై పేజీల నిబంధనల పుస్తకం చేతికిచ్చారు. పన్నెండు తలలు దువ్వే మనిషికి అన్ని పేజీలు తిప్పే తీరిక ఎక్కడిది? అందుకే మూడో రోజు మనసు నిండిపోయి, గుండ్రటి దస్తూరీతో ఇలా రాసింది: "రెండుజడలు, గవ్వ ఒకరినొకరు వదలడం లేదు. పొద్దస్తమానం కలిసే ఉంటున్నారు. చూడముచ్చటగా ఉంది."

రెండుజడల పిల్ల ఇంటి దగ్గర ఎవరితోనూ పెదవి విప్పదట. దిగబెట్టడానికొచ్చిన తల్లి ఆ మాట చెప్పి, "కాస్త కనిపెట్టి ఉండమ్మా" అని మరీ వెళ్లింది. గవ్వలు ఏరుతూ ఆ పేరు తెచ్చుకున్న రెండో పిల్లది ఎక్కడో మంచు కురిసే దేశం. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మాటలు మూడే: నీళ్లు, పీత, పరుగు. ఆ మూడింటితోనే మూడు రోజులుగా కబుర్లు తెగడం లేదు.

మర్నాడు స్నేహాల పర్యవేక్షణాధికారి కబురు పెట్టాడు. ఆయన్ని అందరూ స్నేహం సార్ అంటారు. (భోజనం ఒంటరిగా చేస్తాడు.)

"ఏమ్మా, 'వదలడం లేదు' అంటే ఎన్ని నిమిషాలు?"

"నిమిషాలు చూడలేదు సార్. బాగా కలిసిపోయారు. ఆ పిల్ల ఇంటి దగ్గర అసలు నోరే విప్పదట..."

"కలిసిపోతే ఎలాగమ్మా? వీళ్లిద్దరూ కలిసిపోతే మిగతా ఏడు దేశాలూ ఏమైపోవాలి?"

సార్ మంచివాడే, దారి కూడా చూపించాడు. ప్రత్యేక స్నేహానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అనుమతి ఇరవై ఒక్క రోజుల్లో వస్తుంది.

"శిబిరం పద్నాలుగు రోజులే కదా సార్?"

"అందుకే ఎవరూ పెట్టుకోరు. ఈ విభాగంలో ఒక్క ఫైలు పెండింగులో ఉంటే చూపించు!"

గవ్వను రెండో నంబరు గదికి మార్చారు. భోజనాల వేళలు, ఒడ్డుకు వెళ్లే వేళలు కూడా మార్చారు. రెండుజడలకు ముగ్గురు స్నేహితుల్ని కేటాయించారు. ఆ పిల్ల ముగ్గురి పక్కనా నలభై నిమిషాల చొప్పున బుద్ధిగా కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. పత్రాలు మూడూ నిండాయి. ఏడో రోజు పొద్దున భోజనం మానేసింది.

వంటాయన కంచం తెచ్చి చూపించాడు. "ఇదిగో అమ్మాయ్, తాకనైనా తాకలేదు. దీనికన్నా కొట్టుకున్న పిల్లలు నయం. రాజీగదిలో కూర్చుని బిస్కెట్లన్నా తింటున్నారు."

"రాజీగదేంటి బాబాయ్?"

"నీకు పుస్తకం ఇవ్వలేదూ?"

అక్క ఆ రోజు తలలు దువ్వడం మానేసి పుస్తకం చదివింది. తొంభై నాలుగో పేజీలో ఉంది: పోట్లాడుకున్న పిల్లల్ని విడదీయరాదు. విడదీస్తే పగ దేశాలకు పాకుతుంది. వాళ్లను రోజూ రెండు గంటలు రాజీగదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. పోట్లాట మానేదాకా ఇలా చేయాలి.

రెండుజడలను పక్కకు పిలిచింది. "గవ్వ నీ జడ లాగిందని రాస్తాను. సరేనా?"

"లాగలేదక్కా!" మూడు రోజుల తర్వాత ఆ పిల్ల అన్న మొదటి మాట అదే.

"నాకు తెలుసే పిచ్చిదానా. అలా రాస్తే రోజూ రెండు గంటలు మీరిద్దరూ కలిసి కూర్చోవచ్చు."

"అయితే కరిచిందని రాయక్కా. జడ లాగితే ఒక్క రోజులో సర్దుకుంటుంది."

కరిచిందనే రాసింది. మర్నాడు ఇది గిల్లింది. ఆ తర్వాత అది ఇసుక పోసింది. కాగితం మీద ఇద్దరూ రాక్షసుల్లా కొట్టుకున్నారు. రాజీగదిలో మాత్రం మూడు మాటలు అరవై అయ్యాయి. ఒకసారి స్నేహం సార్ తనిఖీకి వచ్చి తలుపు దగ్గర ఆగాడు.

"నవ్వులు వినిపిస్తున్నాయేంటమ్మా?"

"ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు సార్."

"అయ్యో, అంతదాకా వచ్చిందా!" అని రెండు గంటల్ని మూడు చేశాడు.

చివరి రోజు అక్క దగ్గరికి ఒక ఫైలు వచ్చింది. ఇంత మొండి పగ శిబిరం ఎన్నడూ చూడలేదు కనుక ఆ ఇద్దరినీ ఇకమీదట ఒకే ఏడాది పిలవరాదని, ఒకరి చిరునామా మరొకరికి అందనీయరాదని అందులో ఉంది. అడుగున సాక్షి సంతకానికి చోటు వదిలారు. సాక్షి అక్కే. నిజం చెబుదామంటే, అతిస్నేహాన్ని దాచిన పిల్లలకు ఏ శిబిరంలోనూ చోటుండదని నూట పన్నెండో పేజీ చెబుతోంది. (పుస్తకం మొత్తం చదవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.)

"ఉత్తరాలైనా రాసుకోనివ్వండి సార్."

"ఉత్తరాల్లో కొట్టుకుంటే బాధ్యత ఎవరిదమ్మా?"

అక్క సంతకం పెట్టింది. స్నేహం సార్ స్వయంగా గవ్వ చెయ్యి పట్టుకుని వెనక గేటు దగ్గర బస్సెక్కించాడు. గంట తర్వాత ముందు గేటు తెరిచారు.

రెండుజడల తల్లి వచ్చి పత్రాలు చూసుకుని మురిసిపోయింది. "మూడు దేశాల వాళ్లే! వీళ్ల పేర్లేంటే, తల్లీ?"

పిల్ల ఒక్కో పత్రాన్నీ తిప్పి, చదివి చెప్పింది.