బుల్లిబాబు ఫైళ్ళు, పేరు మార్చే పర్మిషను

ఎనభై ఎనిమిదిలో, కడియంలో మొక్కలమ్ముకునే వెంకటరత్నం గారింటికి కంప్యూటరు వచ్చింది. తెచ్చినవాడు ఆయన కొడుకు బుల్లిబాబు. దాన్ని వీధిగదిలో పెట్టి, అందరి చేతా గుమ్మం బయటే చెప్పులు విడిపించి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాడు. అంతకు ముందు ఆ ఫ్యాను కొత్త పెళ్ళాం రమాదేవి వైపు తిరిగి ఉండేది.

సరుకంతా ఫైళ్ళుగా విడదీశాడు. పేర్లు పెట్టాల్సి వచ్చింది. లోకంలో అతనికి నచ్చిన పేరు ఒక్కటే, తనది; దానికి ముద్దుపేర్లు మాత్రం బోలెడు. గులాబీలకి ‘బుల్లి’, మందారాలకి ‘బుల్లోడు’, క్రోటన్లకి ‘బుల్లిరాజు’. నర్సరీ నర్సరీ అంతా తానే అయి మొలిచాడు.

రమాదేవి బీయస్సీ. ఒక మధ్యాహ్నం కూర్చుని గులాబీలకి ‘రోజ్’ అనీ, మందారాలకి ‘మందార’ అనీ పేర్లు మార్చి పారేసింది.

సాయంత్రం బుల్లిబాబు స్క్రీను ముందు కళ్ళు నులుముకున్నాడు.

“ఏమోయ్, నేనేమైపోయాను?”

“కుర్చీలోనే ఉన్నారు కదండీ.”

మర్నాడే రాజమండ్రి నుంచి కంప్యూటర్ల దొరబాబు దిగాడు. “ఫైలు ఎవరైనా చూడొచ్చు, రాయొచ్చు. పేరు మార్చడానికి మాత్రం నా పర్మిషన్ ఉండాలి” అన్నాడు బుల్లిబాబు. దొరబాబు అలాగే బిగించాడు. పేరు మార్చబోతే యంత్రం ఒక రహస్యపదం అడుగుతుంది. బుల్లిబాబు తలుపు గడియపెట్టి మరీ ఆ పదం ఎక్కించి, పాత పేర్లన్నీ తిరిగి పెట్టేశాడు.

“ఆ మాటేంటండీ?” అంది రమాదేవి.

“మగాడన్నాక ఒక్క రహస్యమైనా ఉండాలోయ్.”

“ఉంచుకోండి పాపం. ఇంకేం దాచగలరు గనక.”

వారం తిరక్కుండానే బెంగుళూరు లారీ బయల్దేరాల్సిన రోజొచ్చింది. మొక్కలు ఎండలో వాడిపోతున్నాయి. డ్రైవరు బంగార్రాజు హారను మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఏమేం ఎక్కించాలో కంప్యూటరే చెప్పాలి. అది ఏ ఫైల్లో ఉందో బుల్లిబాబు చెప్పాలి. బుల్లిబాబు తెల్లమొహం వేశాడు. రోజూ లెక్కలు ఎక్కించేది రమాదేవి. అతను చేసే పని పేర్లు పెట్టడం వరకే.

రమాదేవి వసారాలో రెండు చేతులకీ గోరింటాకు పెట్టుకుని కూర్చుంది.

“ఏమోయ్, బెంగుళూరు ఆర్డరు ఏ ఫైలు?”

“అత్తయ్యగారూ, మొగుడి పేరు పైకి చెప్పొచ్చాండీ?”

“అపచారం” అన్నారు సూరమ్మగారు.

“విన్నారు కదండీ.”

“పోనీ, గుర్తేదైనా చెప్పవోయ్.”

“మీకు ఒంట్లో బాగోలేకపోతే అత్తయ్యగారు పిలిచే పేరు.”

“జ్వరానికి ‘బుల్లినాన్న’, దగ్గుకి ‘బుల్లికన్న’” అన్నారు సూరమ్మగారు. “జ్వరమూ దగ్గూ కలిసొస్తే మాత్రం...”

బుల్లినాన్న తెరిస్తే సన్నజాజులు. బుల్లికన్న తెరిస్తే పేడ ఎరువు. యంత్రం గురగురమంటూ ఒక్కో ఫైలూ తెరిచేసరికి ఎండలో ఒక్కో మొక్క తల వాల్చేస్తోంది.

వెంకటరత్నం గారికి ఒళ్ళు మండింది. “ఒరేయ్, నీ పేరు పెట్టినంత మాత్రాన మొక్కలు నాటుకుంటాయిరా? కోడలు చెప్పినట్టు పేర్లు మార్చు, నా కళ్ళముందే.”

“తర్వాత మారుస్తాను నాన్నగారూ.”

“ఇప్పుడే.”

బుల్లిబాబు చెమటలు కక్కుతూ రహస్యపదం కొట్టాడు. దొరబాబు యంత్రానికి పదాన్ని అడగడమైతే నేర్పాడు గాని, దాచడం నేర్పలేదు. ఒక్కో అక్షరం పచ్చగా, పెద్దగా స్క్రీను మీద పడింది. వెంకటరత్నం గారికి కనిపించిన ఇంగ్లీషల్లా కూడబలుక్కుని పైకి చదివే అలవాటు.

“సీ... హెచ్... ఐ... చిలకమ్మా?”

కిటికీలోంచి బంగార్రాజు తొంగిచూశాడు. “చిలకమ్మెవరండీ బాబుగారూ?”

రమాదేవి గోరింటాకు సంగతి మరిచి సిగ్గుతో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇక ఎవరూ జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది.

పేర్లు మారాయి, ఆర్డరు దొరికింది, లారీ కదిలింది. ఆ పూటే పర్మిషను రమాదేవి చేతికి మారింది. ఆమె రహస్యపదమూ మార్చేసింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేరనుకుని, కనీసం గులాబీలైనా దక్కించుకుందామని బుల్లిబాబు కూర్చున్నాడు. ‘బుల్లి’ కొట్టాడు. కాదంది. ‘బుల్లిరాజు’, ‘బుల్లినాన్న’, దగ్గూ జ్వరమూ కలిసిన పేరు, అన్నీ కాదంది.

వెనక గాజులు గలగలమన్నాయి.

“అందులో నా పేరు లేదటోయ్?” అన్నాడు దీనంగా.

“మొగుడి పేరు పలక్కూడదు కదండీ.”

“పలకొద్దులే. చేత్తో కొట్టడానికేం?”

“భలేవారే. నోటికున్న మర్యాద చేతికి ఉండొద్దాండీ?” అని, రమాదేవి ఫ్యానుని తన వైపు తిప్పుకుంది.