రింగా, ప్లేటా

శనివారం పొద్దున క్లిమెంత్ పెట్టుకున్నది అరగంట పని. కూతురి సైకిలుకి చైను గార్డు బిగించాలి, చేతులు కడుక్కోవాలి, ఎనిమిదింటికల్లా అత్తగారి పందిమాంసం కొట్టులో కత్తి పట్టుకుని నిలబడాలి. మర్నాడు క్వారీలో పోటీ. అందులో మొదటి ముగ్గురిలో ఒకరుగా వస్తే, పదహారేళ్ల కెరాల్ట్‌ని కటలాన్ జట్టులోకి తీసుకుంటారు. ఆ జట్టు కోసం ఆ పిల్ల మూడేళ్లుగా ఎండనక, మంచనక బండరాళ్ల మీద గెంతుతోంది.

తోరెదాల్త్ ఊళ్లో పిల్లలు నడక రాగానే సీటు లేని సైకిలెక్కి రాళ్ల మీద గెంతడం మొదలుపెడతారు. పోటీలో ఒక్కో రాళ్ల వరసని మెట్ట అంటారు. కాలు కింద పెడితే ఒక తప్పు, అయిదు తప్పులకి ఆ మెట్ట పోయినట్టే. గెంతేటప్పుడు సైకిలు పొట్ట వెళ్లి రాయికి కొట్టుకుంటుంది. అప్పుడు చైను తెగకుండా కింద ఒక గార్డు ఉండాలి. ఆ గార్డు విషయంలో ఊరు రెండుగా చీలింది. పళ్లచక్రంతో పాటు తిరిగే అల్యూమినియం రింగు చాలని సగం మంది, చట్రం అడుగున కదలకుండా బిగించే ప్లేటే కావాలని సగం మంది. వీళ్లంతా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు, బయటికొచ్చాక మళ్లీ మొదలుపెడతారు.

క్లిమెంత్‌ది ప్లేటు వర్గం. పంతొమ్మిదో ఏట, ఊళ్లో అందరికంటే బాగా గెంతే రోజుల్లో, రాయి అంచుకి తగిలి అతని చైను తెగింది. తొక్కిన కాలు గాల్లోకి పోయింది, మోకాలు రాతి మీదికి వచ్చింది. అప్పటినుంచి కుంటుతూనే ఉన్నాడు. భార్య రొసేర్ పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఇక మిగిలింది అత్తగారు ఫిలొమేనా, కూతురు కెరాల్ట్. అత్తగారి గురించి అతనికి బెంగ లేదు, ఆవిడని చూస్తే రోగాలే తప్పుకుపోతాయి. బెంగంతా పిల్ల గురించే.

"ఇదేంటి, అప్పడంలా ఉంది?" అన్నాడు కెరాల్ట్ కొనుక్కొచ్చిన రింగుని వేళ్ల మధ్య తిప్పుతూ.

"అందరూ ఇదే వేస్తున్నారు నాన్నా. రెండు కోడిగుడ్లంత బరువు కూడా ఉండదు."

"అంచు మీద పడితే రింగు కరుచుకుంటుంది. ప్లేటయితే జారుతుంది. జారితే చైను బతుకుతుంది."

"ప్లేటు బరువు నువ్వు మోస్తావా? గాల్లోకి ఎగరాల్సింది నేను."

"కింద పడ్డాక మోయాల్సింది నేను" అన్నాడు క్లిమెంత్. ఆ మాట వచ్చాక ఆ ఇంట్లో ఏ వాదనా ముందుకు సాగదు.

షాపులో దొరికే ప్లేట్లు ఆ పాత చట్రానికి సరిపోవు. సొంతంగా కోసుకోవాలి. రాయికి తగిలితే పగలకూడదు, అతుక్కోకూడదు, నున్నగా జారాలి. అలాంటి సరుకు ఎక్కడ దొరుకుతుందో మాంసం కొట్టేవాడికి ఒకరు చెప్పాలా? చల్లగది తలుపు వెనక, రెండు వేళ్ల మందాన, మాంసం కొట్టే తెల్ల ప్లాస్టిక్ పలక కడిగి ఆరబెట్టి ఉంది. కొట్టులో అలాంటివి రెండు. ఒకటి పచ్చి మాంసానికి, ఒకటి ఉడికిన సాసేజీలకి. కలపకూడదని రూలు. క్లిమెంత్‌కి రూలు తెలుసు. ఒక్క పూటకి అత్తయ్య ఎలాగో సర్దుకుంటుందనుకుని పలక చంకలో పెట్టుకుని వెనక గ్యారేజీలోకి నడిచాడు.

ఫిలొమేనాకి సర్దుకోవడం బాగానే వచ్చు. పలక కనపడక, అటక మీదనుంచి తన తల్లి నాటి ఓక్ చెక్క దింపింది. నూరేళ్ల కత్తి గాట్లున్న ఆ చెక్క మీద సాసేజీలు కోస్తూ, ఈ అల్లుడికి బుద్ధి ఎప్పుడొస్తుందో అని వచ్చినవాళ్లందరితో చెప్పుకుంటూ ఉంది. వరసలో నాలుగో మనిషి ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరమ్మ.

"అమ్మా, చెక్క మీద కోయకూడదని తెలుసా?"

"ఈ చెక్క మీద కోసింది తిని మా నాన్న తొంభై రెండేళ్లు బతికాడు. నువ్వు ఏ పలక మీద కోసింది తిని ఇలా పాలిపోయావు తల్లీ?"

"ప్లాస్టిక్ పలక ఎక్కడ?"

"మా అల్లుడు తీసుకెళ్లాడు. గ్యారేజీలో కోస్తున్నాడు."

మిగతాది చెప్పే ఓపిక ఫిలొమేనాకి లేదు, వినే తీరిక ఇన్‌స్పెక్టరమ్మకి లేదు. ఆవిడ గ్యారేజీ తలుపు తీసేసరికి, మాంసం కొట్టే ఏప్రన్ వేసుకున్న మనిషి ఒకడు కరెంటు రంపంతో ఏదో తెల్లటిదాన్ని పరపరా కోస్తున్నాడు. నేలంతా తెల్లటి తురుము. పక్కన చైనుకి పూసే నల్ల గ్రీజు డబ్బా. రంపం జారి బొటనవేలు తెగడంతో వాటన్నిటి మీదా నెత్తురు చుక్కలు.

"ఏం కోస్తున్నారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయి.

"గార్డండీ" అన్నాడు క్లిమెంత్ తలెత్తకుండా. "రేపు మా అమ్మాయికి."

ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో పంది ఒంట్లో ఆ పేరున్న భాగం ఆవిడ వినలేదు. విని ఉండకపోవడమే మంచిదని తీర్మానించుకుని కాగితం తీసి రాసింది. రెండో పలక వచ్చేదాకా, గ్యారేజీ శుభ్రపడేదాకా కొట్టు తెరవకూడదు. క్లిమెంత్ సైకిలు చూపించాడు, చట్రం కింద కన్నాలు చూపించాడు, మోకాలు కూడా చూపించబోయాడు. ఆవిడ కళ్లు పక్కకి తిప్పుకుంది. పది గంటలకి ఫిలొమేనా తన చేత్తోనే షట్టరు దించి, అల్లుడితో ఒక్క ముక్క మాట్లాడకుండా మేడ మీదికి వెళ్లిపోయింది.

శనివారం నాడు ఆ షట్టరు దిగడం ఊరు అంతకుముందు రెండే సార్లు చూసింది. మొదటిసారి ఫిలొమేనా భర్త పోయినప్పుడు, రెండోసారి రొసేర్ పోయినప్పుడు. కాబట్టి తలుపు తట్టి అడిగే పని ఎవరూ పెట్టుకోలేదు. నెత్తురు గుడ్డ చేతికి చుట్టుకుని, తల వంచుకుని పెరట్లో పచార్లు చేస్తున్న క్లిమెంత్‌ని రొట్టెల కొట్టు అస్సుంతా చూసింది. కెరాల్ట్ పొద్దున్నే సైకిలు మీద నది వైపు వెళ్లడం కూడా చూసింది. ఇద్దరూ బతికే ఉన్నారంటే లెక్క తేలిపోయింది. అస్సుంతా ఫాదరుకి చెప్పింది, ఫాదరు గంటలు కొట్టేవాడికి చెప్పాడు.

ఆ ఊళ్లో మగవాళ్లు పోతే గంట మూడు విడతలు, ఆడవాళ్లు పోతే రెండు విడతలు కొడతారు. మేడ మీద మంచానికి అడ్డంగా పడుకున్న ఫిలొమేనా వేళ్లు మడిచి లెక్కపెట్టింది. రెండు విడతలయ్యాక గంట ఆగింది. చివరిసారి ఆ రెండు విడతలు ఆవిడ కూతురి కోసం మోగాయి. మంచం మీద లేచి కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఎవరో ఆడమనిషి, పాపం, పోయిందనుకుని నల్ల గౌను వేసుకుని, తలకి నల్ల గుడ్డ చుట్టుకుని, పరామర్శకి బయల్దేరి వీధి తలుపు తీసింది.

గుమ్మంలో అస్సుంతా, వెనక ఓ పదిమంది ఆడవాళ్లు, అందరూ నల్లబట్టల్లో. అస్సుంతా చేతిలో మూత పెట్టిన సూపు గిన్నె.

"ఎవరు పోయారే?" అంది ఫిలొమేనా.

"నువ్వే" అంది అస్సుంతా.

ఫిలొమేనా ఆ మాట గురించి కాస్త ఆలోచించింది. "ఎప్పుడు?"

"పొద్దున. పదింటికి షట్టరు దించారు కదా."

"ఎలాగట?"

"గుండె అనుకుంటున్నాం. అంత కోపం పెట్టుకున్న మనిషికి ఇంకేం వస్తుందన్నాడు గంటలాయన."

"వాడి సంగతి రేపు చూస్తాను. ఆ సూపు ఇలా ఇచ్చి వెళ్లు, పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ లేదు."

నవ్వుకుని ఇళ్లకి పోవాల్సిన సంగతి అక్కడితో ఆగలేదు. గంట మాత్రమే విని, సాయంత్రం పోటీ కాగితాలు చూసుకుంటున్న సైకిలు క్లబ్బు ప్రెసిడెంటు మారియస్, చావు ఇంట్లో పిల్ల ఎలా గెంతుతుందని, ఎంతో మర్యాదగా, కెరాల్ట్ పేరు కొట్టేశాడు. వరసలో ఆ పిల్లకున్న పదో నంబరు ఇంకొకరికి ఇచ్చేశాడు. క్లిమెంత్ పరుగున వెళ్లి అత్తగారు బతికే ఉందని చెప్పుకున్నాడు.

"సంతోషం అన్నా, చాలా సంతోషం" అన్నాడు మారియస్ తల గోక్కుంటూ. "కానీ జాబితా ఫెడరేషన్‌కి వెళ్లిపోయింది. మిగిలింది మొదటి నంబరే. ఎవరూ తీసుకోలేదు."

ఎవరూ ఎందుకు తీసుకోలేదో చెప్పక్కర్లేదు. నవంబరులో పొద్దున ఎనిమిదింటికి మంచు రాళ్ల మీద నూనె రాసినట్టుంటుంది. ముందు వెళ్లినవాళ్ల టైరు గుర్తులుంటే ఎక్కడ చక్రం ఆనించాలో తెలుస్తుంది. మొదటి మనిషికి గుర్తులుండవు. ఈ మాట విని కెరాల్ట్ తెల్లగా మెరుస్తున్న ప్లేటుని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"దీని కోసమేనా ఇదంతా?"

"నీ కోసమే తల్లీ."

"అయితే బిగించు. బిగించాక ఇంక దేన్నీ ముట్టుకోకు నాన్నా."

ఆదివారం క్వారీలో పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. ఈ ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక సంచిమనిషి ఉంటాడు. వీపు సంచీలో పానాలు, స్పేరు చైను మోస్తూ రాయి కింద నిలబడి, పడితే పట్టుకోవడం అతని పని. కెరాల్ట్‌కి ఎప్పుడూ తండ్రే. ఆ రోజు కూడా క్లిమెంత్ కుంటుకుంటూ రాయి నుంచి రాయికి కింద కింద నడిచాడు. పైన ప్లేటు రాయికి తగిలి టక్‌మన్నప్పుడల్లా చైను వైపు చూశాడు. ప్లేటు జారింది. చైను బతికింది. నిజం చెప్పాలంటే అతని లెక్కలో తప్పేమీ లేదు. నాలుగు మెట్టలు దాటేసరికి కెరాల్ట్‌కి రెండే తప్పులు. మొదటి ముగ్గురిలో ఉంటుందని మారియస్ అప్పుడే అంటున్నాడు.

అయిదో మెట్టలో చివరి బండ మనిషిన్నర ఎత్తు. కెరాల్ట్ వెనక చక్రం మీద నిలబడి రెండుసార్లు ఊగి ఎగిరింది. ప్లేటు అంచు మీద పడి చక్కగా జారింది. కానీ వెనక టైరు తడిలో పట్టు తప్పింది. మంచులోంచి రెండూ ఒకేసారి వచ్చాయి. ఎడమ వైపు కూతురు, కుడి వైపు సైకిలు.

క్లిమెంత్ చేతులు సైకిలుని పట్టుకున్నాయి.

ఆలోచించే వ్యవధి లేదు, చేతులు వాటంతటవే వెళ్లాయి. నిన్నంతా, అంతకుముందు ఇరవై ఆరేళ్లు, ఆ చేతులకి కాపాడమని అతను చెప్పుకున్నది చైనునే. సైకిలుని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. పక్కన గులకరాళ్ల మీద కూతురు పడిన చప్పుడు విన్నాడు. జడ్జి ఈల వేశాడు. క్లిమెంత్ సైకిలుని కింద పడేసి కూతురి పక్కన కూలబడ్డాడు. ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు.

కెరాల్ట్ మణికట్టు రెండు చోట్ల విరిగింది. విక్ పట్నం ఆసుపత్రిలో కట్టు కడుతుంటే తండ్రి పక్కనే నిలబడ్డాడు. చివరికి ఏదో ఒకటి అనాలనిపించింది కాబోలు.

"చైనుకి గీత కూడా పడలేదు" అన్నాడు. అన్నాక తన మాట తన చెవినే పడి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భార్య పోయిన రోజు తర్వాత అంత సిగ్గుగా, అంత ఒంటరిగా అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"చూశాను నాన్నా" అంది కెరాల్ట్. "నేను కింద పడుకునే చూశాను."

జట్టులోకి వేరే ముగ్గురు వెళ్లారు. తర్వాతి పోటీకి పేరు నమోదు చేసుకోమని మారియస్ వసంతంలో ఫారం తెచ్చాడు. కట్టు విప్పిన చేత్తో మెల్లగా రాస్తూ, సంచిమనిషి పేరు దగ్గర కెరాల్ట్ అమ్మమ్మ పేరు రాసింది.

"నాకా?" అంది ఫిలొమేనా. "ఆ సైకిలుకి ముందేదో వెనకేదో నాకు తెలీదు కదే."

"అందుకే అమ్మమ్మా."

ఫారం అడుగున, సంరక్షకుడు అని ఉన్నచోట, అమ్మమ్మ పెడితే చెల్లదని మారియస్ చెప్పడంతో, క్లిమెంతే సంతకం పెట్టాడు.