లైటు ఏ రంగులో ఉంది?

వాలరూ లోయలో రాగి తీగలు పీకేసి డిజిటల్ ఫోన్ పెట్టెలు బిగించిన దొరలారా! మా జనాన్ని బాగుచేసిన నేరం మీదే. తప్పించుకోలేరు.

పనిచేసే ఫోను మనిషిని సోమరిని చేస్తుంది. పనిచెయ్యని ఫోను? మోకాళ్లు అరిగిన డల్సీని చూడండి, మేకలా కొండెక్కుతోంది. హెల్ప్‌లైన్ వాళ్లు పెట్టె పక్కన నిలబడి మాట్లాడమంటారు. పెట్టె కింద ఇంట్లో, సెల్లుకి సిగ్నల్ పైన కొండ మీద. ఇంత మంచి వ్యాయామం ఏ డాక్టరు రాస్తాడు?

డల్సీకి అంత తొందర దేనికంటారా? ఇది కార్చిచ్చుల కాలం. ఫైర్ బ్రిగేడ్ కబురు ఆమెకి వాకీటాకీ రేడియోలో అందుతుంది. రేడియో కొండ దాటదు. కొండ వెనక ఇళ్లకి ఆమే ఫోన్ చెయ్యాలి. ఏళ్లుగా అదే మా ఆనవాయితీ.

అందుకని మొగుడు కెవ్ ట్రాక్టర్‌లో ఉండే అలాంటి రేడియోనే పట్టుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. కొండ మీద డల్సీకి ఒక చెవిన సెల్లు, ఇంకో చెవిన రేడియో.

“మేడమ్, పెట్టె మీద లైటు ఏ రంగులో ఉంది?”

“ఏమయ్యా, లైటు ఏ రంగట?”

“ఎరుపో, నారింజో. కళ్లజోడు నీతోనే పట్టుకుపోయావు కదే.”

రేడియో అన్నాక ఊరంతా వింటుంది. పక్క పొలం బ్రెట్ మధ్యలో దూరాడు. “మాదీ అంతే కెవ్ బాబాయ్. నెత్తిన రెండు తగిలించు, దారికొస్తుంది.”

ప్లగ్గు తీశారు, పెట్టారు. తగిలించారు కూడా. లాభం లేదు.

“మా మనిషి వచ్చేముందు మీ ఇంటి నంబరుకే ఫోన్ చేస్తాడు మేడమ్.”

“అది మోగదనే కదయ్యా నా గోల.”

“మోగకపోతే ఇంట్లో ఎవరూ లేరని ఫిర్యాదు మూసేస్తాం మేడమ్.”

మూసేశారు. మాట నిలబెట్టుకునే కంపెనీ ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

మొన్న శనివారం కొండ వెనక గడ్డి అంటుకుంది. డల్సీ ఫోనెత్తింది. ఉలుకూ పలుకూ లేదు. సెల్లు కోసం కొండెక్కే వ్యవధి లేదు. బండి తీసి, హారన్ మోగిస్తూ కొండ చుట్టి వెళ్లింది. ముసలి ఎర్రోల్ వరండాలో తాపీగా టీ తాగుతున్నాడు. వెనక ఆకాశమంతా నల్లబడి ఉంది.

“నీకు పొగ కనబడట్లేదా ఎర్రోల్?”

“పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నా. నువ్వు ఫోన్ చెయ్యలేదు కదా, ఇటు రాదులే అనుకున్నా.”

ఫోన్ మోగలేదంటే మంట లేదని అర్థం. అది డల్సీ మీద కొండ వెనక జనానికున్న నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన ఇంకాసేపట్లో కాలిపోయేవాడు. చెయ్యి పట్టి బండిలోకి లాగింది. మనిషి దక్కాడు. ఇల్లు బూడిదైంది.

చాలు దొరలారా, మీరు చేసిన మేలు. ఇక డల్సీని లైటు రంగు అడగొద్దు. నిచ్చెనతో మనిషిని పంపండి. మీ పెట్టె పలికేదాకా మా రాగి తీగ మాకు తిరిగి కట్టండి. ఈ వారమే కట్టండి. ఉత్తరపు గాలి మొదలైంది, మా లోయలో మంటని ఇళ్లమీదికి తోలేది అదే.