మూడున్నర మంది

దేశంలో అమ్మకాల రంగంలో ఆడవాళ్ళకు అన్యాయం జరుగుతోందని మంత్రిగారు కనిపెట్టారు. కనిపెట్టిన సాయంత్రమే టీవీలో ప్రకటించారు. ఇకపై ప్రభుత్వ షోరూముల్లో సేల్స్ ఉద్యోగాలు సగం మహిళలకే. ఎంపికలో పక్షపాతానికి తావు లేకుండా అభ్యర్థి పేరు తెలియదు, మొహం కనబడదు, గొంతు గుర్తుపట్టే వీలుండదు. ప్రపంచంలో ఏ దేశమూ ఇంత దూరం వెళ్ళలేదని ఆయన అన్నారు. యాంకరు తల ఊపింది.

టంటా ఊళ్ళో బాబాయి దుప్పట్ల కొట్లో కూర్చుని ఇన్షిరాహ్ ఇది విన్నది. కాలేజీ అయిపోయినప్పటి నుంచీ ఆ కొట్లో అమ్మేది ఆమే. బేరం కుదిరేదాకా మాట్లాడేది ఆమె, కుదిరాక కరచాలనం చేసేది బాబాయి కొడుకు. బోర్డు మీద ఉన్నది బాబాయి పేరు. ఎవరైనా అడిగితే బాబాయి "మా పిల్లే, దుప్పట్లు మడత పెడుతుంది" అనేవాడు. తన పేరున్న కౌంటరు ఒకటి ఉండాలన్నది ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. దరఖాస్తు మాత్రం పెట్టింది.

ప్రభుత్వ గృహోపకరణాల సంస్థ ప్రాంతీయ మేనేజరు హిష్మత్ బే మంత్రిగారి మాటను అక్షరాలా అమలు చేసే మనిషి. ఇంటర్వ్యూ గదికి అడ్డంగా నల్ల తెర కట్టించారు. పెళ్ళిళ్ళలో పాటలు పెట్టేవాడి దగ్గర గొంతు మార్చే మిషను అద్దెకు తెప్పించారు. అందులోంచి ఎవరు మాట్లాడినా జలుబు చేసిన లారీ డ్రైవరు మాట్లాడినట్టే ఉండేది. న్యాయం అంటే అదీ.

పరీక్ష ఒక్కటే. ఆగస్టు ఎండలో కమిటీకి రూమ్ హీటరు అమ్మాలి.

చాలామంది మగ అభ్యర్థులు వాట్ల గురించి చెప్పారు. హిష్మత్ బే మేనల్లుడు వగ్దీ "దీనికి కరెంటు బాగా కాలుతుంది సార్, నేనైతే కొనను" అన్నాడు. కమిటీ అతని నిజాయితీని ప్రత్యేకంగా నమోదు చేసింది.

ఇన్షిరాహ్ వంతు వచ్చింది. లారీ డ్రైవరు గొంతు అడిగింది: "సార్, మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ఎవరు?"

"మా ఆవిడ," అన్నారు హిష్మత్ బే.

"జనవరిలో చన్నీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడు ఆవిడ ఏమంటారు?"

"అది ఇక్కడ చెప్పే మాట కాదు."

"వంటింట్లో ఈ హీటరు ఉంటే నలుగురిలో చెప్పుకునే మాటే అంటారు సార్."

ఆ సాయంత్రమే కమిటీ సభ్యులు ఇద్దరు హీటర్లు మోసుకుని చెమటలు కక్కుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు.

మార్కులు వేసి తెర తీసి చూస్తే, మొదటి ఏడు స్థానాల్లోనూ ఆడవాళ్ళే. ఖాళీలు సరిగ్గా ఏడు. ఇన్షిరాహ్‌ది నాలుగో స్థానం. తెర వెనక నవ్వు వినబడినందుకు కొన్ని మార్కులు కోశారు. హిష్మత్ బే చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని అందరినీ పిలిపించారు.

"మంత్రిగారు సగం అన్నారు. మీరు ఏడుగురూ వచ్చేస్తే ఆయన మాట ఏం కావాలమ్మా?"

"సగానికి తగ్గకూడదని కదా సార్ ఆయన ఉద్దేశం?" అంది ఇన్షిరాహ్.

"ఉద్దేశాలు పేపర్లో రాలేదు. సగం అనే వచ్చింది."

"ఏడులో సగం ఎంత సార్?"

హిష్మత్ బే అకౌంటెంటు వైపు చూశారు. అకౌంటెంటు వేళ్ళు మడిచి, "మూడున్నర," అన్నాడు.

"ఆ అర ఎవరు సార్?"

"నాలుగో స్థానం ఎవరిదమ్మా?"

అలా దేశంలో మొట్టమొదటి అర మహిళా సేల్స్ ఉద్యోగిగా ఇన్షిరాహ్ నియమితురాలైంది. పైన వచ్చిన ముగ్గురినీ వేరే ఊళ్ళ షోరూములకు పంపారు. టంటా వాటాకు వచ్చింది ఆ అరే. పొద్దుటి పూట కౌంటరు ఆమెది, మధ్యాహ్నం నుంచి వగ్దీది. జీతం సగం. పేరు బోర్డు కూడా ఒక్కటే కాబట్టి దాన్నీ న్యాయంగా పంచారు. "ఇన్షి-వగ్దీ" అని రాయించారు. అది ఇటలీ కంపెనీ అనుకుని కొందరు మిక్సీల కోసం వచ్చారు. ఇన్షిరాహ్ వాళ్ళకు స్వదేశీ మిక్సీలు అమ్మింది.

పొద్దున పూట షోరూములో నిలబడేందుకు చోటుండేది కాదు. మధ్యాహ్నం వగ్దీ వచ్చి, వాషింగ్ మిషను కొనడానికి వచ్చిన కొత్త దంపతులతో "ఇద్దరే కదా, చేత్తో ఉతుక్కోవచ్చుగా" అనేవాడు. చెడ్డవాడేం కాదు. నిజాయితీపరుడు, అంతే. ఆ దంపతులు మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చేవాళ్ళు.

"అక్కా, పొద్దున్నే అన్నీ మీరే అమ్మేస్తే నాకేం మిగులుతుంది?" అని వాపోయాడు ఒకసారి.

"కుర్చీ మిగిల్చాను కదా తమ్ముడూ," అంది ఇన్షిరాహ్.

ఇంతలో మంత్రిగారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది, తన సంస్కరణను కళ్ళారా చూసుకోవడానికి. వచ్చేది సాయంత్రం. హిష్మత్ బే పై అంతస్తులోని ఆఫీసు నుంచి పరుగున దిగివచ్చారు.

"ఆ రోజు సాయంత్రం కాస్త ఉండమ్మా."

"సాయంత్రం వగ్దీది సార్."

"మహిళా సాధికారత అని మంత్రిగారికి వగ్దీని చూపించమంటావా?"

ఇన్షిరాహ్ కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టింది. పుదీనా టీ తెప్పించింది. ఆమె గొంతు దుప్పట్ల కొట్లో ఉన్నట్టే ఉంది.

"మీకు కావలసింది ఏమిటి సార్? కౌంటర్లో ఒక ఆడమనిషి. నా దగ్గర రెండు మోడళ్ళున్నాయి. సగం మోడల్ మధ్యాహ్నానికి ఆగిపోతుంది. ఫుల్ మోడల్ మంత్రిగారు వెళ్ళేదాకా, ఆ తర్వాత రిటైరయ్యేదాకా పనిచేస్తుంది. మెయింటెనెన్స్ లేదు."

"ఫుల్ అంటే పర్మినెంటా? మూడున్నర కాస్తా నాలుగైపోతుందే."

"అందులో ఎంచుకోవలసింది ఏముంది సార్. సాయంత్రానికి పనికొచ్చే స్టాకు ఒక్కటే. ఆర్డరు మీద సంతకం ఇప్పుడు పడితే డెలివరీ ఇప్పుడే."

హిష్మత్ బే సంతకం పెట్టారు. తన మీద అమ్మకం జరిగిపోయిందని మెట్లెక్కుతుండగా తెలిసింది. తిరిగి చూస్తే ఇన్షిరాహ్ అప్పటికే ఫోన్లో పెయింటరుకు తన పేరులోని అక్షరాలన్నీ చెబుతోంది.

తర్వాత ఏర్పాట్లు మొదలయ్యాయి. ఫ్రిజ్‌లు కెమెరాలకు అడ్డం వస్తున్నాయని తీసేశారు. వాషింగ్ మిషన్లలో మంత్రిగారి ప్రతిబింబం పొట్టిగా కనబడుతోందని తీసేశారు. ఖాళీ గోడలు బాగుండవు కాబట్టి మంత్రిగారు రిబ్బన్లు కత్తిరిస్తున్న ఫొటోలు చెక్క ఫ్రేముల్లో వేలాడదీశారు. సరుకంతా లారీలెక్కి ఏదో గోడౌనుకు పోయింది.

మంత్రిగారు వచ్చి గోడలన్నీ శ్రద్ధగా చూశారు. తర్వాత ఇన్షిరాహ్‌తో కరచాలనం చేశారు.

"ఏం అమ్ముతావమ్మా?"

"ఈ రోజుకి ఏమీ లేదు సార్."

"అద్భుతం," అన్నారు మంత్రిగారు, కెమెరా వైపు చూస్తూ.

అక్కడికక్కడే ఆ షోరూమును జాతీయ మహిళా విక్రయ శక్తి కేంద్రంగా ప్రకటించారు. ప్రదర్శనను యథాతథంగా, శాశ్వతంగా ఉంచాలన్నారు. మహిళలకు అమ్మకాల్లో శిక్షణ ఇచ్చే డైరెక్టరుగా, నిజాయితీని గుర్తించి, వగ్దీని నియమించారు. సరుకు మాట ఎవరూ ఎత్తలేదు.

మంత్రిగారి కార్లు వెళ్ళిపోయాక ఇన్షిరాహ్ పూర్తి పేరున్న బోర్డు పక్కన, పూర్తి జీతం మీద, ఖాళీ షోరూములో కూర్చుంది. వగ్దీ పైగదిలో శిక్షణ గురించి ఆలోచిస్తున్నాడు.

ఆ వారంలోనే ఒక పెద్దావిడ వాషింగ్ మిషను కోసం వచ్చింది. లేదని తెలిసి ఊరికే పోబుద్ధి కాక గోడల వెంట నడిచింది. ఒక చోట ఆగి, ఫ్రేమును వేలితో తట్టి చూసింది.

"మంచి చెక్క. మా ఆయన ఫొటోకి సరిగ్గా సరిపోతుంది. లోపల ఈయన ఎవరమ్మా?"

"ఫ్రేముతో పాటు వస్తారండీ."

"నాకెందుకమ్మా ఈయన. తీసేసి ఇస్తే ఎంత?"

ఇన్షిరాహ్ పైగది వైపు ఒకసారి చూసి లేచి నిలబడింది.

"తీసేసి ఇస్తే అసలు ధర. ఆయనతో సహా తీసుకుంటే తగ్గింపు ఉంది."

పెద్దావిడ పర్సు తీసి, అసలు ధరే కట్టింది.